ఎడమ చేతి కాపలా

మా అక్క నోటి గురించి ఈ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, ఆ సామెత కట్టినవాడు కిక్కిరిసిన బస్సులో ఒక్కరోజైనా టికెట్లు కొట్టి ఉండడు. మా అక్క ఉద్యోగమంతా అదే. మెత్తగా చెబితే మెట్ల మీంచి ఒక్కడూ లోపలికి జరగడు. రిటైరయ్యాక బస్సు పోయింది, గొంతు మిగిలింది. టైర్ల దుకాణం మీద మా రెండు గదుల ఇంట్లో ఇక ప్రయాణికురాలిని నేనొక్కదాన్నే.

నన్ను పెంచింది కూడా ఆవిడే. అమ్మ పోయేనాటికి నాకు జడ వేసుకోవడం కూడా రాదు. అక్క పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "దీన్నొక్కదాన్ని సాకడానికే ప్రాణం తోకకొస్తోంది, ఇంకొకణ్ణి ఎక్కడ సాకను?" అనేది. నేను చేసుకున్నాను, అది నిలవలేదు. పెట్టె పట్టుకుని తిరిగొచ్చిన రోజు అక్క ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా నా మంచం మీద దుప్పటి మార్చింది. ఆవిడ నోరు మూసుకున్న సందర్భం అప్పటికి నాకు తెలిసి అదొక్కటే.

నేను స్కూలు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ మాస్టర్ని. బీపీ ముదిరి నా కిడ్నీలు రెండూ చెడిపోతున్నాయని తెలిసినప్పుడు అక్క తన కిడ్నీ ఇస్తానని అక్కడికక్కడే లేచి నిలబడింది. ఆవిడకు షుగరు, పనికిరాదన్నారు. సరే, మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవడమే దారి, ఇంకా ఏడాది దాకా టైముంది, ఈలోగా ఎడమ చేతిని కాపాడుకోండి అన్నాడు కిడ్నీ డాక్టరు. చర్మం కింద కనిపించే నరాల్లో మంచిదాన్ని ఒకదాన్ని తీసుకుని లోపలి ధమనికి కలిపి కుడతారట. అప్పుడది లావెక్కి గట్టిపడుతుంది, వారానికి మూడుసార్లు పెద్ద సూదులు దిగినా తట్టుకుంటుంది. డాక్టర్లు దాన్ని సిర అంటారు, మనం నరం అనే అంటాం. కుడి చెయ్యి కత్తెర పట్టే చెయ్యి కాబట్టి ఎడమది దాచుకోవాలి. సూదులు వద్దు, రక్తం తీయనివ్వొద్దు, బీపీ పట్టీ కూడా కట్టనివ్వొద్దు.

ఇదంతా ఆయన కంప్యూటరు వంక చూస్తూ చెప్పాడు. నా చెయ్యి ఆయన బల్ల మీదే ఉంది, ఆయన చేతికి జానెడు దూరంలో. తాకలేదు, తిప్పి చూడలేదు. ఆయన మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, దాచుకోవడం ఎందుకు?

ఆ రోజు నుంచి నా ఎడమ చెయ్యి నాది కాకుండా పోయింది. దాంతో సంచి మొయ్యకూడదు, బకెట్టు ఎత్తకూడదు, దాని మీద తల పెట్టుకుని పడుకోకూడదు. అక్క వాచీ తీయించేసింది. మోచేతి కింద నల్ల మార్కరుతో "ఈ చెయ్యి ముట్టుకోవద్దు" అని రాసింది. స్నానానికి అది చెరిగితే మళ్ళీ రాసేది. అక్షరాలు బస్సు మీద బోర్డులా ఉండేవి. వర్క్‌షాపులో కుట్టుమిషన్ల వాళ్ళు నన్ను చూసి, "మాస్టరమ్మా, కుడి చేత్తో అయినా షేకాండ్ ఇవ్వచ్చా, అక్క పర్మిషను కావాలా?" అని ఏడిపించేవాళ్ళు. నాకూ నవ్వొచ్చేది. కంటికి రెప్పలా కాయడమంటే ఏమిటో చూడాలంటే మా ఇంటికి రావాలి అనేదాన్ని.

రక్తపరీక్షకు వెళితే అక్క నాకంటే ముందు గదిలోకి దూరేది. ఒకసారి ల్యాబులో ఒక అమ్మాయి, కొత్తగా చేరినట్టుంది, చాలా మర్యాదగా అడిగింది.

"ఆంటీ, సూది వెయ్యను. ఎడమ చేతికి ఊరికే పట్టీ కట్టి చూస్తానంతే, నరం ఎలా ఉందో. ఆపరేషన్‌కి దాచిపెడుతున్నారు కదా, ఉందో లేదో తెలుస్తుంది."

"చూడ్డానికి అదేమన్నా సినిమానా?" అంది అక్క. "కుడి చెయ్యి ఇక్కడుంది. తీసుకో, ఎంత కావాలంటే అంత తీసుకో."

ఆ అమ్మాయి ఇటు పక్కకు వచ్చింది. కుడి మోచేతి మడతలో నరం చక్కగా దొరికింది. పిల్లవాడు గీసిన గీతలా కాకుండా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది నా కుడి చేతి మీద నరం. బరువు కత్తెర పట్టినప్పుడు బొటనవేలి మొదలు నుంచి మోచేతి దాకా ఉబ్బి కనిపించేది. అందరూ దాన్నే పొడిచేవాళ్ళు.

తర్వాత నాకు ఊపిరితిత్తులకు జబ్బు చేసి ఆసుపత్రిలో పడ్డాను. రోజుల తరబడి సెలైను, దాంట్లో మంట పుట్టే మందులు, అన్నీ కుడి చేతికే. నరం ఎర్రగా వాచి, తర్వాత తాడులా బిగుసుకుపోయింది. ఒక చోట పాడైతే ఇంకాస్త పైన గుచ్చారు, అదీ పాడైతే ఇంకా పైన. నొప్పికి నేను ఏడుస్తుంటే, "పోతే పోనీవే చిన్నీ," అంది అక్క, తల నిమురుతూ. "అది వాడుకునే చెయ్యి. ఇది దాచుకునే చెయ్యి. దీనికి ఈగ వాలనిచ్చానా చెప్పు?"

వాలనివ్వలేదు. ఎవరైనా ఎడమ పక్కకు వస్తే చాలు, అక్క కుర్చీలోంచి లేచేది.

ఆ జబ్బుతో కిడ్నీలు అనుకున్నదానికంటే ముందే చేతులెత్తేశాయి. ఆపరేషన్‌కి వ్యవధి లేక మెడలో ట్యూబు పెట్టి మిషనుకు తగిలించారు. రెండు ప్లాస్టిక్ గొట్టాలు భుజం మీద వేలాడుతూ ఉంటాయి. తలస్నానం లేదు, ఓ పక్కకు తిరిగి పడుకోవడం లేదు. మిషన్ల గదిలో మంచాలు వరసగా ఉంటాయి. ఎవరి మొహం చూసినా బూడిదరంగే. గుక్కెడు నీళ్ళు తాగాలన్నా లెక్కే, ఆ లెక్కకి కూడా అక్కే కండక్టరు. మెడ ట్యూబు తాత్కాలికమే అని మొదట్నించీ చెబుతూనే ఉన్నారు. దాని వెంట సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. ఒకసారి పోయాయి కూడా. వణుకుతో మంచం అదిరింది. అప్పుడు మిషన్ల గది నర్సు నా చెవి దగ్గరకు వంగి, "తొందరగా చేతికి చేయించుకోండి మేడమ్. ఇంకోసారి వస్తే గుండెకి పట్టొచ్చు. ఈ ట్యూబుతో ఎక్కువకాలం లాగలేరు," అంది. ఆ మాట అక్క కూడా వింది. వింటూనే నా ఎడమ చెయ్యిని దుప్పటి కిందకి తోసింది.

నరాన్ని ధమనికి కుట్టే రక్తనాళాల సర్జను దగ్గరకు వెళ్ళిన రోజు అక్క ఇస్త్రీ చీర కట్టుకుంది. పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లను ప్రైజు తీసుకోవడానికి తీసుకెళుతున్నట్టు ఉంది ఆవిడ వాలకం. స్కానింగు గదిలో సర్జను నా చేతికి జెల్లీ రాస్తుంటే పక్కన నిలబడి, "ఇంతవరకు దానికి సూదిమొన తగల్లేదు సార్. బీపీ పట్టీ కూడా కట్టనివ్వలేదు," అంది. మార్కరు రాత జెల్లీలో కరిగి నల్లగా పారింది. ఆయన దాన్ని దూదితో తుడిచి, "చాలా మంచిదమ్మా. గది చిన్నది, మీరు కాస్త బయట కూర్చోండి," అన్నాడు.

అక్క వెళ్ళాక ఆయన చేతికి పట్టీ కట్టి పరికరాన్ని మణికట్టు నుంచి పైకి జరిపాడు. మళ్ళీ కిందకి తెచ్చాడు. మళ్ళీ పైకి. పట్టీ విప్పి కట్టాడు. చెయ్యిని మంచం కిందకు వేలాడేసి పిడికిలి బిగించమన్నాడు. నేను బిగించాను. గోళ్ళు అరచేతిలో దిగేలా బిగించాను. ఆయన మొహం స్క్రీను వెలుగులో నీలంగా ఉంది.

చివరికి కుర్చీ నా వైపు తిప్పుకుని ఒక కాగితం మీద చెయ్యి బొమ్మ గీశాడు.

"చూడండమ్మా. మామూలుగా చేతికి పై నరాలు రెండు పెద్దవి. ఒకటి బొటనవేలి వైపు నుంచి చేతి బయటి అంచున భుజం దాకా పోతుంది. రెండోది చిటికెనవేలి వైపు నుంచి లోపలి అంచున. మోచేతి మడతలో రెంటినీ కలుపుతూ అడ్డంగా ఒకటి ఉంటుంది. ఇది పుస్తకంలో బొమ్మ. మనుషుల్లో ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. కొందరికి అడ్డనరం ఉండదు, కొందరికి రెండు ఉంటాయి. మీ ఎడమ చేతికి బయటి నరం మణికట్టు పైన దారంపోగంత ఉండి, మోచేతి దాకా కూడా రాకుండానే అయిపోయింది. పుట్టుకతోనే అంతే. లోపలిదేమో మోచేతి దగ్గరే లోతుకు మునిగిపోయింది. కుట్టడానికి నాకు పొడవు చాలదు."

"మరి కుడి చెయ్యి?" అన్నాను.

ఆయన కుడి చేతి మీద పరికరం పెట్టాడు. ఈసారి చాలాసేపు పట్టలేదు. "ఇది..." అని ఆగాడు. "ఇది మంచి నరమమ్మా. వెడల్పుగా, తిన్నగా భుజం దాకా ఉంది. ఇలాంటిది దొరికితే మాకు పండగే. కానీ మూడు చోట్ల పూడుకుపోయింది. ఇక రక్తం పారదు. దీన్ని పొడవకుండా ఉండాల్సింది."

"ఎడమ చెయ్యి కాపాడమన్నారు సార్."

"అందరికీ అదే చెబుతారు. ముందు రెండు చేతులూ చూసి చెప్పాలి. పట్టీ కట్టి చూసినా తెలిసేది." ఆయన గొంతు తగ్గించాడు. "ఎవరూ చూడలేదా?"

మా పనిలో గుడ్డ మడత పెట్టి, చొక్కా చేతులు రెండూ ఒకే కత్తిరింపులో తీస్తాం. ఒకటి చూస్తే రెండోది చూడక్కర్లేదు. చొక్కాకి చెల్లే లెక్క మనిషికి కూడా చెల్లుతుందని నేనెందుకు అనుకున్నానో నాకే తెలియదు. ఎడమ చేతి మీద ఎప్పుడూ నరం కనిపించకపోతే, పని చెయ్యని చెయ్యి కదా, అందుకే మెత్తగా ఉందనుకున్నాను.

ఎడమ చేతిలో పైన లోతు నరానికీ ధమనికీ మధ్య ప్లాస్టిక్ గొట్టం వేసి చూద్దామన్నాడు సర్జను. సొంత నరమంత మన్నదు, అయినా మెడ ట్యూబు కంటే నయం. ఆ లోతు నరం ఒక్కటే ఇప్పుడు మిగిలిన ఆశ, జాగ్రత్త అన్నాడు. మెడలో మళ్ళీ ఇన్‌ఫెక్షన్ రాకుండా ఉంటే వచ్చే నెల ఆపరేషన్.

నేను జెల్లీ తుడుచుకుంటూ ఒక్కటే ఆలోచించాను. అక్కకి ఇది తెలియకూడదు. ఆవిడ కాపలా వల్లే కుడి చెయ్యి పోయిందనీ, కాసింది ఖాళీ చేతిననీ తెలిస్తే ఆవిడ మనిషి కాదు. నాకు ఏమైనా కానీ, అది మాత్రం జరగకూడదు అనుకున్నాను.

వరండాలో అక్క లేచి నిలబడింది. "ఎప్పుడట?"

"రెండు చేతులకీ పుట్టుకతోనే నరాలు సరిగ్గా లేవట అక్కా. కుడిదీ అంతేనట, ముందు నుంచీ పనికిరానిదేనట. ఎడమదాన్ని అలాగే కాపాడాలట, దానికే ప్లాస్టిక్‌ది వేస్తారు."

అక్క కాసేపు నా మొహం చూసింది. తర్వాత ఆవిడ భుజాలు కిందకి దిగాయి. "అయితే ఎవరి తప్పూ కాదన్నమాట," అంది. ఆ సాయంత్రం ఎన్నాళ్ళకో కూర్చున్న చోటే గురకపెట్టి నిద్రపోయింది.

నేను కోరుకున్నది అదే. కానీ ఆ తర్వాత ఆవిడ కనబడ్డ ప్రతివాళ్ళకీ, కింద టైర్ల షాపు అతనికి, పాత డ్రైవర్లకి, పాలవాడికి చెప్పడం మొదలుపెట్టింది. "పుట్టుకతోనే లేవట. మనమేం చేస్తాం? నేనైతే నా వంతు కాపలా కాశాను." వింటుంటే నాకు లోపల చురుక్కుమనేది. అబద్ధం ఆడింది నేనే, ఆవిడ ఊరట పడితే మండేదీ నాకే. నిజం చెప్పొద్దూ, కొన్నిసార్లు ఆవిడ నవ్వు చూస్తే చెంప పగలగొట్టాలనిపించేది. మరుక్షణం ఆవిడ నా కోసం మందులు విడదీసి పెట్టడం చూసి సిగ్గేసేది.

ఆపరేషన్ ఇంకో వారం ఉందనగా మళ్ళీ వణుకు వచ్చింది. వార్డులో చేర్చేసరికి ఒళ్ళు పెనంలా కాలుతోంది. తడిగుడ్డలతో తుడిచి తుడిచి చేతి మీద రాత కూడా పోయింది. పరీక్షకు రక్తం కావాలని ఒక నర్సు వచ్చింది. చిన్నపిల్ల. ఎడమ వైపు వెళ్ళబోతే అక్క అడ్డం నిలబడింది. ఆ అమ్మాయి కుడి వైపు వచ్చి గుచ్చింది. రాలేదు. ఇంకోచోట గుచ్చింది. రాలేదు. సూది ఆ గట్టి తాడు మీద జారి పక్కకు పోయినప్పుడల్లా నాకు కళ్ళ ముందు చీకట్లు కమ్మేవి.

"పని నేర్చుకోకుండానే పంపించారా నిన్ను?" అక్క గొంతు వార్డంతా వినిపించింది. "ఎన్నిసార్లు పొడుస్తావు? దాని కుడి చేతికి పుట్టుకతోనే నరం లేదు. డాక్టరే చెప్పాడు. ఫైలు చదవడం కూడా రాదా నీకు?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా అబద్ధం అక్క నోట్లోంచి వచ్చి, సంబంధం లేని ఎవరి పిల్లనో కొడుతోంది. జ్వరం, నొప్పి, మెడలో గొట్టం, ఎవరూ చూడని చెయ్యి, అన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి.

"ఉండేది!" అని అరిచాను. "ఆ చేతికి నరం ఉండేది. బంగారం లాంటి నరం. ఎడమ చేతికే లేదు, మొదట్నించీ లేదు. ఎవర్నీ చూడనిచ్చావు కాదు. పట్టీ కట్టి చూస్తానంటే కూడా తరిమేశావు. కుడి చెయ్యి నువ్వే పొడిపించావు. కంచె చేను మేసినట్టయింది. ఇంకా ఆ పిల్లని ఎందుకు తిడతావు?"

పక్క మంచం ఆవిడ మొహం అటు తిప్పుకుంది.

అక్క మంచం ఎడమ పక్క నుంచి తప్పుకుని, నర్సుకు దారి ఇచ్చింది. "నీకు ఏ చెయ్యి వీలైతే ఆ చెయ్యి చూడమ్మా," అంది. ఆవిడ అంత మెల్లగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు. వెళ్ళి గోడవార కుర్చీలో కూర్చుంది. అక్కా అని పిలుద్దామనుకున్నాను, అప్పటికే మాటలు ముద్దగా అవుతున్నాయి. తర్వాత నాకు తెలివి లేదు.

తెలివి వచ్చేసరికి మెడ ట్యూబు తీసేసి ఉంది. తొడలో కొత్త గొట్టం ఉంది. ఎడమ చెయ్యి దిండు మీద ఉంది. అది నా చెయ్యిలా లేదు. వేళ్ళ నుంచి భుజం దాకా వాచి, చర్మం మెరుస్తోంది. లోపలి వైపు మోచేతి పైన ఒక పట్టీ అతికించి ఉంది.

కుర్చీలో అక్క ఉంది. అదే చీరలో ఉంది. నేను కళ్ళు తెరవడం చూసి గబగబా వచ్చి మూతలో కొంచెం నీళ్ళు తాగించింది. "ఎలా ఉందే?" అంది. నేనేదో అనబోతే దుప్పటి సర్దింది.

కాసేపటికి సర్జను వచ్చాడు. చేతికి స్కానింగు చేసి, పరికరం పక్కన పెట్టి, కేసు షీటు చదివాడు. మందులు వెంటనే ఎక్కించాల్సి వచ్చింది, కుడి చేతికి దారి దొరకలేదు, మెడది తీసేశారు. డ్యూటీలో ఉన్న కొత్త డాక్టరు ఎడమ చేతి లోతు నరంలోంచి గుండె పక్క దాకా పొడవాటి ట్యూబు వేశాడు. ప్రాణం నిలబడింది. ట్యూబు చుట్టూ రక్తం గడ్డకట్టి, చంక దాకా నరం మూసుకుపోయింది. ప్లాస్టిక్ గొట్టం కుడదామనుకున్నది ఆ నరానికే.

"ఇక ఈ చేతికి ఏమీ చెయ్యలేను," అన్నాడు ఆయన. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకన్నట్టు ఫైలు మూసేశాడు. తొడలో గొట్టం ఎన్నాళ్ళు పనిచేస్తే అన్నాళ్ళు, తర్వాత సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. తర్వాత చూడటానికి ఏమీ లేదని ఆయన మొహమే చెబుతోంది. వెళ్ళబోతూ ఆగి, కోపం ఆపుకోలేక నర్సుని అడిగాడు. "ఈ చెయ్యి వాడకూడదని ఎవరూ చెప్పలేదా? పక్కన మనుషులెవరూ లేరా?"

"అడిగాం సార్," అంది నర్సు. "ఈ చెయ్యి వాడొచ్చా అని డాక్టరు గారు పేషెంటు అటెండెంట్‌ని అడిగారు. మీ ఇష్టం అన్నారు."

సర్జను అక్క వైపు తిరిగాడు. "అమ్మా, మీకు తెలుసు కదా. నా గదిలో మీరే కదా చెప్పారు, దీనికి సూదిమొన కూడా తగల్లేదని. మరి వద్దనలేదేం?"

అక్క లేచి నిలబడింది. రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చీర కొంగు పట్టుకుంది. ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"వద్దంటే మళ్ళీ తప్పవుతుందేమో అనుకున్నాను సార్," అంది.